మామిడి తోట పెట్టాలంటే... నేల చూడడం మొదటి పని, మొక్క కొనడం చివరి పని

తొలకరి పడగానే ఊరి రోడ్ల మీద మొక్కల ట్రాలీలు కనిపిస్తాయి. 'బంగినపల్లి అంటు, మూడేళ్లకే కాపు' అని మైకులో చెబుతూ తిరుగుతుంటారు. సౌదీ నుంచో దుబాయ్ నుంచో సెలవు మీద వచ్చిన కొడుకుకు ఖాళీగా పడి ఉన్న రెండెకరాలు గుర్తొస్తాయి. అక్కడికక్కడే వంద మొక్కలు దింపించేస్తాడు. వారంలో గుంతలు, నాటడం అన్నీ అయిపోతాయి. సెలవు అయిపోతుంది, మనిషి వెళ్లిపోతాడు. నీళ్లు, కంచె, కాపలా అన్నీ ఇంట్లో ఉన్న పెద్దాయన మీద పడతాయి.

అసలు సంగతి ఐదో ఏడు తెలుస్తుంది. కొన్ని చెట్లకు పూతే రాదు. కొన్నిటికి కాయ వస్తుంది గానీ అది బంగినపల్లి కాదు, పుల్లటి పీచు కాయ. కొన్ని చెట్లు ఏ కారణం లేకుండా ఎండిపోతుంటాయి. అప్పటికి మొక్కలు అమ్మిన ట్రాలీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

వరి విత్తనం తేడా వస్తే ఒక పంట పోతుంది, వచ్చే సీజన్‌కు సరిదిద్దుకోవచ్చు. పండ్ల తోటలో తప్పు జరిగితే ఐదారేళ్లు పోతాయి. అందుకే తోట పెట్టాలనుకునే కుటుంబం పనులు చేసే వరుస మార్చుకోవాలి. ముందు నేల, తర్వాత నీళ్లు, తర్వాత రకం, ఆ తర్వాత గుంతలు. మొక్క చివర్లో రావాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ మంది పెట్టేది మామిడే కాబట్టి ఇక్కడ వివరాలన్నీ దాని గురించే. బత్తాయి, జామ, దానిమ్మ, సపోటాలకు ఎక్కడ తేడా ఉంటుందో చివర్లో ఇచ్చాం.

ముందు ఇంట్లో తేలాల్సిన విషయం

మామిడి చెట్టు నలభై, యాభై ఏళ్లు కాస్తుంది. అంటే ఈ రోజు నాటిన తోట రేపు పిల్లల చేతికి వెళుతుంది. మన ఇళ్లలో చాలా జమీన్ ఇంకా తాతల పేరు మీదే ఉంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వాటాలు నోటి మాట మీద నడుస్తుంటాయి. ఖాళీ పొలం ఉన్నంత కాలం ఎవరూ ఏమీ అనరు. తోట కాపుకు వచ్చాక మాట మారుతుంది. ఒకరు పెట్టుబడి పెట్టి పెంచిన చెట్లు ఇంకొకరి వాటాలోకి పోయి, రక్తసంబంధాలే తెగిపోయిన ఇళ్లు ఉన్నాయి.

కాబట్టి గుంత తవ్వకముందే వారసత్వం తేల్చుకోవాలి. అక్కచెల్లెళ్ల వాటాతో సహా కాగితం మీద రాసుకోవాలి. తెలంగాణలో పట్టాదారు పాస్‌బుక్, ఆంధ్రలో వన్-బీ, అడంగల్‌లో పేర్లు సరిగ్గా ఉండాలి. డ్రిప్ సబ్సిడీకైనా, బ్యాంకు లోనుకైనా, ఉద్యాన శాఖ పథకానికైనా మొదట అడిగేది ఆ కాగితాలే.

రెండో ప్రశ్న, మొదటి మూడేళ్లు తోటను చూసేది ఎవరు? పెద్ద చెట్టు ఒక నెల నీళ్లు లేకపోయినా తట్టుకుంటుంది. ఏడాది మొక్క తట్టుకోదు. రోజూ పొలానికి వెళ్లే మనిషి లేకపోతే ఐదెకరాలు కాదు, ఎకరంతో మొదలుపెట్టడం మంచిది.

నేల: పైన కాదు, లోపల చూడాలి

మామిడికి నీరు నిలవని ఎర్ర గరప నేల, లోతైన ఒండ్రు నేల బాగా సరిపోతాయి. నేల లోతు కనీసం రెండు మీటర్లు ఉండాలి. పీహెచ్ 5.5 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. చౌడు నేల, నీళ్లు నిలిచే బరువైన నల్లరేగడి, మూడు అడుగుల్లోనే రాతి పొర తగిలే నేల మామిడికి పనికిరావు.

ఇబ్బంది ఏంటంటే పైనుంచి చూస్తే అన్ని నేలలూ బాగానే కనిపిస్తాయి. మొక్క కూడా మొదటి రెండు మూడేళ్లు బాగానే పెరుగుతుంది. వేరు కిందికి దిగి రాతి పొరకో, సున్నపు గడ్డల పొరకో తగిలాక పెరుగుదల ఆగిపోతుంది. అందుకే పొలంలో రెండు మూడు చోట్ల ఆరు అడుగుల లోతు గుంత తీయించి గోడలు చూడాలి. జేసీబీతో గంట పని. మట్టి రంగు ఎక్కడ మారుతోంది, గులకరాళ్లు ఎక్కడ మొదలవుతున్నాయి, తెల్లటి సున్నపు గడ్డలు ఉన్నాయా, అడుగున తేమ ఊరుతోందా అన్నది కళ్లారా కనిపిస్తుంది.

అదే గుంతలో రెండు అడుగుల ఎత్తు నీళ్లు పోసి వదిలేయండి. మరుసటి రోజు పొద్దున్నకు ఇంకిపోతే ఇబ్బంది లేదు. ఇంకా నిలిచే ఉంటే వానాకాలంలో వేరు కుళ్లుతుందని అర్థం. అలాంటి చోట మురుగు కాలువలు తీసి, ఎత్తు కట్టల మీద నాటాలి. లేదంటే ఆ ముక్క వదిలేయాలి.

భూసార పరీక్ష కూడా తోటకు వేరేగా ఉంటుంది. వరి, పత్తి పొలాలకు పైపైన ఆరు అంగుళాల మట్టి తీస్తే చాలు. పండ్ల తోటకు ఒకటి, రెండు, మూడు అడుగుల లోతుల నుంచి మట్టి తీసి, ఏ లోతుది ఆ సంచిలో వేయాలి. అన్నీ కలిపేస్తే పరీక్షకు అర్థం ఉండదు. ఒక్కో సంచిలో అర కిలో మట్టి చాలు. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంట కుప్ప వేసిన చోట తీయొద్దు. సంచి మీద సర్వే నంబరు, లోతు, తేదీ రాయాలి. వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రాల్లోనూ, కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ ఈ పరీక్ష చేస్తారు.

నీళ్లు: ఎన్ని ఉన్నాయి అనేదే కాదు, ఎలాంటివి

బోరు ఎంత పోస్తోందో వానాకాలంలో కాదు, ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి. ఆ రెండు నెలల్లో వచ్చే నీళ్లే తోటను బతికిస్తాయి. మట్టితో పాటు ఒక లీటరు బోరు నీళ్లు కూడా పరీక్షకు ఇవ్వాలి. ఉప్పు, సోడియం ఎక్కువున్న నీళ్లు పోస్తే ఆకుల కొసలు మాడిపోతాయి, మంచి నేల కూడా కొన్నేళ్లకు గట్టిపడుతుంది.

డ్రిప్ పెట్టేటట్లయితే మెయిన్ పైపులైను నాటకముందే వేసుకోవాలి. నాటాక తవ్వితే వేళ్లు తెగుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు 2003లో మొదలైంది. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో డ్రిప్‌కు సబ్సిడీ ఇస్తున్నారు. శాతం, అర్హత ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి మండల ఉద్యాన అధికారి దగ్గర ఆ ఏడాది నిబంధన అడిగి తెలుసుకోవాలి. చాలా పథకాల్లో ముందు దరఖాస్తు, తర్వాత పని. సొంతంగా కొనేసి బిల్లు పట్టుకెళ్తే ఇవ్వరు.

రకం: తినడానికి కాదు, అమ్మడానికి ఆలోచించాలి

ఇంట్లో అందరికీ ఇష్టమైన రకం వేరు, మార్కెట్‌లో నడిచే రకం వేరు. కాయ ఎక్కడ అమ్ముతామన్నది ముందు తేలితే రకం దానంతట అదే తేలుతుంది.

బంగినపల్లి: తెలంగాణలో దీన్నే బేనిషాన్ అంటారు. ఉర్దూలో 'బేనిషాన్' అంటే మచ్చ లేనిది. ఒకప్పుడు నవాబుల సంస్థానంగా ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె పేరు మీద ఈ రకం వచ్చింది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కాయ పెద్దది, పీచు ఉండదు, నిల్వ ఆగుతుంది, దూరం పంపొచ్చు. హైదరాబాద్ బాటసింగారం మార్కెట్‌కు తీసుకెళ్లినా, ఢిల్లీకి పంపినా అమ్ముడుపోతుంది.

తోతాపురి: చాలా చోట్ల కలెక్టర్ కాయ అంటారు. ఏటా కాస్తుంది, దిగుబడి ఎక్కువ. కానీ ఎక్కువ భాగం పోయేది గుజ్జు ఫ్యాక్టరీలకే. ఫ్యాక్టరీలు కొనకపోతే రైతు చేతిలో ఏమీ ఉండదు. 2025 సీజన్‌లో చిత్తూరు ప్రాంతంలో ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేని జిల్లాలో తోతాపురి ఒక్కటే వేయడం రిస్కు.

రసాలు: నూజివీడు చిన్న రసం, పెద్ద రసం రుచికి పేరు. తొక్క పలుచన, ఎక్కువ దూరం ఆగవు. దగ్గర్లో పట్నం ఉన్నవాళ్లకు బాగుంటాయి.

హిమాయత్: ఇమామ్ పసంద్ అని కూడా పిలుస్తారు. ధర బాగా పలుకుతుంది, కాపు తక్కువ. తోట మొత్తం ఇదే పెట్టడం కన్నా కొన్ని చెట్లు పెట్టుకోవడం మేలు.

సువర్ణరేఖ: ఉత్తరాంధ్ర వైపు ఎక్కువ. ముందుగా వస్తుంది, రంగు బాగుంటుంది.

ఒకే రకం మాత్రమే పెట్టే ముందు ఇంకో మాట. దసేరీ, లంగ్డా, చౌసా లాంటి కొన్ని మామిడి రకాల్లో సొంత పుప్పొడితో కాయ సరిగ్గా పట్టదు. పక్కన వేరే రకం చెట్లుంటే ఈగలు, ఇతర కీటకాలు పుప్పొడి మోస్తాయి, కాయ పడుతుంది. కాబట్టి ప్రధాన రకం ఏదైనా, పదిలో ఒక మొక్క వేరే రకం ఉంటే నష్టమేమీ లేదు. పచ్చడి కాయ చెట్లు రెండు మూడు పెట్టుకున్నా ఇంటి అవసరం తీరుతుంది.

ఎకరానికి ఎన్ని?

వరుసల మధ్య 10 మీటర్లు, మొక్కల మధ్య 10 మీటర్లు ఇస్తే ఎకరానికి 40 మొక్కలు పడతాయి. 8 మీటర్లయితే సుమారు 63. దగ్గర దగ్గరగా 5 మీటర్ల దూరంలో నాటితే సుమారు 160.

దగ్గరగా నాటితే మొదట్లో దిగుబడి తొందరగా వస్తుందన్నది నిజమే. కానీ ప్రతి ఏడాది కోత అయిపోగానే కొమ్మలు కత్తిరించి చెట్టును చిన్నగా ఉంచాలి. అది తెలిసిన మనిషి, కూలి ఖర్చు రెండూ కావాలి. కత్తిరింపు రెండేళ్లు మానేస్తే కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండ, గాలి పోక, పూత చుట్టూ అంచుల్లోనే వస్తుంది. యజమాని ఊళ్లో లేని తోటకు 8 మీటర్ల దూరమే క్షేమం.

నేల తయారీ: ఎండాకాలం అంతా ఇదే పని

ముందు తుమ్మ, రేగు, సర్కారు కంప లాంటివి వేళ్లతో సహా పీకించాలి. పైపైన కొట్టేస్తే మళ్లీ మొలుస్తాయి. చెదల పుట్టలుంటే తవ్వి తీసేయాలి. ఆ తర్వాత లోతు దుక్కి రెండు మూడు సార్లు దున్ని చదును చేయాలి. చదును అంటే పై మట్టి అంతా గీకి ఒక మూలకు నెట్టేయడం కాదు. సారం ఉండేది ఆ పై అడుగులోనే. వాలు ఎక్కువున్న పొలమైతే వాలుకు అడ్డంగా గట్లు వేసి వరుసలు కూడా అలాగే పెట్టాలి.

చేతిలో ఒక సీజన్ టైమ్ ఉంటే ముందు ఏడాది జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారుతుంది. గాలి ఎక్కువగా వీచే వైపు సరుగుడు లాంటి చెట్ల వరుస వేసుకోవాలి. మేకలు, గేదెలు తిరిగే ఊళ్లలో మొక్కలకన్నా ముందు కంచె రావాలి.

గుంతలకు గుర్తులు పెట్టేటప్పుడు మూల సరిగ్గా రావడానికి పాత పద్ధతి ఒకటుంది. పొలం మూలలో గూటం కొట్టి, ఒక వైపు తాడుతో 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు కొలవాలి. ఆ రెండు కొసల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వస్తే మూలమట్టం కుదిరినట్టు. మొదటి వరుస వంకరైతే తోట అంతా వంకరే, తర్వాత ట్రాక్టర్ తిరగదు.

గుంత: మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు

ఏప్రిల్, మే నెలల్లో గుంతలు తవ్వాలి. పై అడుగున్నర మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క పోయాలి. కనీసం రెండు మూడు వారాలు గుంతను ఎండకు వదిలేయాలి. పురుగులు, గుడ్లు, తెగులు బీజాలు చాలా వరకు చస్తాయి.

ట్రాక్టర్ డ్రిల్లుతో తీసే గుంతల్లో ఒక ఇబ్బంది ఉంది. బంక నేలలో డ్రిల్లు తిరిగి గోడలు నున్నగా కుండలా తయారవుతాయి. వేరు ఆ గోడ దాటలేక లోపలే చుట్టుకుంటుంది. గడ్డపారతో గోడలు గీకించాలి. చిన్న పనే, కానీ చాలామంది వదిలేస్తారు.

నింపేటప్పుడు ముందు పై మట్టి. దాంట్లో 40 నుంచి 50 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 1 నుంచి 2 కిలోల వేపపిండి కలపాలి. పచ్చి పేడ వేయొద్దు. అది గుంతలోనే కుళ్లుతూ వేడెక్కి వేళ్లను కాలుస్తుంది, చెదలను కూడా పిలుస్తుంది. కింది మట్టి చివరన వేయాలి. నేల కన్నా అర అడుగు ఎత్తుగా నింపి, మధ్యలో గుర్తుకు పుల్ల గుచ్చాలి. ఒకటి రెండు వానలు పడి మట్టి కుంగాకే నాటాలి. కుంగకముందే నాటితే మొక్క మట్టితో పాటు కిందికి దిగి, అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోతుంది.

నర్సరీలో ఏం చూడాలి?

ఇప్పుడు మొక్క. నర్సరీ ఎంపిక ఫిబ్రవరి, మార్చిలోనే చేసుకుని ముందుగా బుక్ చేసుకోవడం మంచిది. సంగారెడ్డి, నూజివీడు, అనంతరాజుపేట పరిశోధన కేంద్రాల్లో, ఉద్యాన విశ్వవిద్యాలయాల దగ్గర దొరికే మొక్కలకు డిమాండ్ ఎక్కువ. ప్రైవేటులో కొనేటట్లయితే నర్సరీకి ఉద్యాన శాఖ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. జాతీయ ఉద్యాన బోర్డు కూడా నర్సరీలకు గుర్తింపు ఇస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర కడియం లాంటి పెద్ద నర్సరీల ప్రాంతానికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

తల్లి చెట్టు ఎక్కడ? అంటు మొక్కలో కింద వేరు ఒక చెట్టుది, పైకొమ్మ ఇంకో చెట్టుది. కాయ వచ్చేది పైకొమ్మ రకమే. ఆ కొమ్మ ఏ చెట్టు నుంచి తీశారో చూపించమనాలి. మంచి నర్సరీకి సొంత తల్లి చెట్ల తోట ఉంటుంది. చూపించడానికి ఇష్టపడని చోట కొనొద్దు. లేత మొక్క ఆకు చూసి రకం చెప్పడం మామూలు కొనుగోలుదారుకు సాధ్యం కాదు. టెంకతో మొలిచిన మొక్క అయితే తల్లి చెట్టు కాయే వస్తుందన్న గ్యారంటీ లేదు, కాపుకూ ఎక్కువ ఏళ్లు పడుతుంది.

అంటు ఎలా ఉంది? అతుకు మట్టికి కనీసం అర అడుగు పైన ఉండాలి. అతుకు దగ్గర సందు, పగులు, జిగురు కారడం ఉండకూడదు. పైకొమ్మ, కింది కాండం దాదాపు ఒకే లావు ఉండాలి. వేలితో మెల్లగా వంచితే అతుకు దగ్గర కదలకూడదు.

వయసెంత? ఆరు నెలల నుంచి ఏడాది వయసు, ఒకటిన్నర నుంచి రెండున్నర అడుగుల ఎత్తు, పెన్సిల్ కన్నా కాస్త లావు కాండం ఉంటే సరిపోతుంది. నాలుగైదు అడుగుల మొక్కను చూసి ముచ్చటపడొద్దు. చిన్న సంచిలో రెండు మూడేళ్లు ఉన్న మొక్కకు వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అది నేలలో తొందరగా కోలుకోదు.

సంచి అడుగు చూశారా? సంచి ఎత్తినప్పుడు తల్లివేరు నేలలోకి దిగి ఉంటే ఎత్తగానే తెగిపోతుంది. అలాంటి మొక్క వారం బాగానే కనిపించి తర్వాత వాడిపోతుంది. కొనే లాట్‌లో ఒకటి రెండు మొక్కల సంచులు విప్పించి వేళ్లు చూడాలి, అవసరమైతే వాటికి డబ్బులిచ్చైనా సరే. సంచి మట్టిలో తుంగ గడ్డలుంటే అవి మన పొలంలోకి వస్తాయి.

రోగం ఉందా? చిగుర్లు గుత్తులుగా ముద్ద కట్టడం, ఆకుల మీద నల్ల మసి, కాండం మీద పొలుసు పురుగు, పిండినల్లి కనిపిస్తే పక్కన పెట్టేయాలి.

సంచిలోనే పూత, కాయ ఉంటే? ఇదొక పెద్ద ఆకర్షణ. కాయ వేలాడుతున్న మొక్కను చూపించి ఎక్కువ ధర చెబుతారు. పైకొమ్మ కాసే చెట్టు నుంచి వచ్చింది కాబట్టి సంచిలోనే పూత రావడం మామూలు విషయం. మొక్క బలానికి అది గుర్తు కాదు. పైగా బలమంతా కాయకే పోతుంది. అలాంటిది కొన్నా నాటకముందే పూత, కాయ తుంచేయాలి.

బిల్లు: రకం పేరు, మొక్కల సంఖ్య, తేదీ, నర్సరీ రిజిస్ట్రేషన్ నంబరుతో బిల్లు తీసుకోవాలి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోవాలి. రకం తప్పని తేలేది ఏళ్ల తర్వాత. ఆ రోజు మాట్లాడడానికి చేతిలో ఆధారం ఆ కాగితమే.

హిసాబు ఒకసారి వేసి చూడండి. ట్రాలీలో మొక్క నర్సరీ కన్నా 40 రూపాయలు తక్కువ అనుకుందాం. ఎకరానికి 63 మొక్కలంటే మిగిలేది 2,520 రూపాయలు. అదే ఎకరానికి ఐదేళ్ల పాటు కంచె, డ్రిప్, దుక్కి, ఎరువు, కూలి ఖర్చు పక్కన రాయండి. ఆ ఖర్చులో మొక్క ధర చిన్న భాగం. మిగతా ఖర్చంతా వృథా కావాలా వద్దా అని తేల్చేది మాత్రం ఆ మొక్కే.

అవసరమైన వాటికన్నా పదో వంతు ఎక్కువ కొనాలి. చచ్చిన వాటి స్థానంలో అదే వయసు, అదే రకం నాటడానికి అవి పనికొస్తాయి.

తెచ్చాక, నాటేటప్పుడు

మొక్కలను సాయంత్రం తీసుకురావాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, గాలికి ఆకులు మాడకుండా వల కప్పాలి. రాగానే నాటేయకుండా పది, పదిహేను రోజులు పొలంలోనే చెట్టు నీడన పెట్టి నీళ్లు పోయాలి. దారిలో దెబ్బతిన్నవి ఈలోగా బయటపడతాయి.

జులై, ఆగస్టు నెలల్లో వానలు కుదురుకున్నాక, మబ్బు పట్టిన రోజు గానీ సాయంత్రం గానీ నాటాలి. బ్లేడుతో సంచి కోసి, మట్టి ముద్ద చెదరకుండా గుంత మధ్యలో పెట్టాలి. సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు. అతుకు మట్టికి అర అడుగు పైనే ఉండాలి. చుట్టూ మట్టిని కాలితో మెల్లగా అదిమి, పక్కన ఊతకర్ర పాతి వదులుగా కట్టి, వెంటనే నీళ్లు పోయాలి. అతుకుకు చుట్టిన పాలిథిన్ టేపు ఇంకా ఉంటే విప్పేయాలి. వదిలేస్తే కాండం లావెక్కే కొద్దీ టేపు లోపలికి కోసుకుపోయి, పెద్ద గాలికి మొక్క అక్కడే విరుగుతుంది.

నాటిన మొదటి ఏడాది ఒక పని అస్సలు మర్చిపోకూడదు. అతుకు కింది నుంచి వచ్చే చిగుర్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అవి వేరు మొక్క చిగుర్లు. ఏపుగా పెరుగుతాయి కాబట్టి చూసేవాళ్లు మొక్క బాగుందనుకుంటారు. ఏడాదిలో పైకొమ్మ చచ్చి, నాటు మామిడి చెట్టు మిగులుతుంది. బంగినపల్లి అని కొన్నది పీచు కాయ అవడానికి నర్సరీ మోసం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఒక కారణం.

మొదటి ఎండాకాలం తాటాకుతోనో గోనెసంచితోనో పడమటి ఎండ తగలకుండా నీడ కట్టాలి. పాదిలో ఎండుగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది, కానీ కాండానికి ఆనించొద్దు, చెదలు పడతాయి. మొదటి మూడు, నాలుగేళ్లు వచ్చే పూత తుంచేయాలి. వరుసల మధ్య వేరుశనగ, పెసర, మినుము, కూరగాయలు వేసుకుంటే తోట ఖర్చు కొంత తీరుతుంది. జొన్న, మొక్కజొన్న లాంటి ఎత్తు పంటలు వద్దు.

వేరే పండ్లయితే ఎక్కడ తేడా?

బత్తాయి: మన దగ్గర నడిచే రకం సాత్‌గుడి. ఇది కన్ను అంటు మొక్క. కింది వేరు ఏదని అడగాలి, రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టినది నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పచ్చబడి చెట్టు నీరసిస్తుంది, భూసార పరీక్ష తప్పనిసరి. పాత బత్తాయి తోట తీసేసిన చోట వెంటనే మళ్లీ బత్తాయి పెట్టొద్దు. వైరస్ తెగుళ్లు కంటికి కనిపించకుండా కన్నుతో పాటే వస్తాయి కాబట్టి తల్లి చెట్టు చూడడం మామిడి కన్నా ఇక్కడే ఎక్కువ ముఖ్యం.

జామ: అలహాబాద్ సఫేదా, లక్నో-49 పాత నమ్మకమైన రకాలు. గాలి అంటు మొక్కకు తల్లివేరు ఉండదు, మొదట్లో ఊతకర్ర కావాలి. వేళ్ల మీద చిన్న చిన్న గడ్డలు కనిపిస్తే నులిపురుగులున్నట్టు. అలాంటి మొక్క ఒక్కటి వచ్చినా పొలమంతా పాకుతుంది.

దానిమ్మ: ఎక్కువగా పెట్టేది భగువా రకం. బ్యాక్టీరియా మచ్చ తెగులు ఉన్న తోట నుంచి తీసిన కొమ్మలతో చేసిన మొక్కలు కొంటే తెగులును కూడా కొన్నట్టే. ఆకుల మీద నూనె మరకల్లాంటి మచ్చలున్న లాట్ మొత్తం వదిలేయాలి.

సపోటా: పాల మొక్క, అంటే ఖిర్నీ వేరు మీద కట్టిన అంటు ఎక్కువ కాలం నిలుస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది, తొందరపడొద్దు.

ఏ నెలలో ఏ పని?

నవంబర్ నుంచి జనవరి: భూమి కాగితాలు, ఇంట్లో వాటాల మాట, మట్టి పరీక్ష.
ఫిబ్రవరి, మార్చి: రకం నిర్ణయం, నర్సరీ చూడడం, బుకింగ్, కంప కొట్టించడం, డ్రిప్ దరఖాస్తు.
ఏప్రిల్, మే: బోరు నీళ్ల కొలత, దుక్కి, కంచె, పైపులైను, గుర్తులు, గుంతలు.
జూన్: గుంతలు నింపడం, మట్టి కుంగనివ్వడం.
జులై, ఆగస్టు: మొక్కలు తేవడం, నాటడం.
సెప్టెంబర్, అక్టోబర్: చచ్చిన వాటి చోట మళ్లీ నాటడం.

ఈ ఏడాది జులై దాటిపోయినా కంగారు పడి నాటాల్సిన పని లేదు. నీళ్లు ఉంటే డిసెంబర్ వరకు నాటొచ్చు. నేల ఇంకా సిద్ధం కాకపోతే వచ్చే వానాకాలం వరకు ఆగడమే లాభం.

నాటడం అయ్యాక ఒక నోట్‌బుక్‌లో తోట పటం గీసుకోవాలి. ఏ వరుసలో ఎన్నో మొక్క ఏ రకం, ఏ రోజు నాటారు, ఏది చచ్చి మళ్లీ పెట్టారు అన్నీ రాయాలి. బిల్లు, భూసార పరీక్ష కాగితం, బోరు నీళ్ల రిపోర్టు, డ్రిప్ కాగితాలు అదే ఫైల్‌లో ఉంచాలి. తోట పెట్టిన మనిషి గల్ఫ్‌లో ఉన్నా, పెద్దాయన మంచాన పడినా, ఇంట్లో ఎవరు ఆ పటం పట్టుకుని పొలానికి వెళ్లినా ఏ చెట్టు ఏదో తెలియాలి.